12,34,56,789 లోపల ఏముంది? పాప ఆగిపోయిన చోటు నుంచి

మధురవాడ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఎనిమిదో తరగతి చదివే వాళ్ల అమ్మాయి 12,34,56,789ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టాలని కూర్చుంది. 3తో ఒకసారి, మళ్లీ 3తో ఒకసారి భాగించి 1,37,17,421 దగ్గర ఆగిపోయింది. 97 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నింటితోనూ భాగించి చూసింది, ఒక్కదానితోనూ పోలేదు. "ఇక ఇది ప్రధాన సంఖ్యే అనుకోవచ్చా? ఈ సంఖ్యకు నిజంగా ఏమైనా ప్రత్యేకత ఉందా, లేక చూడ్డానికే బాగుందా? మా బంధువు ఒకాయన అంకెలు కూడితే 9 వస్తుంది కాబట్టి అదృష్ట సంఖ్య అంటున్నారు, నిజమేనా?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను. 1,37,17,421 ప్రధాన సంఖ్య కాదు. అది 3607 × 3803. కాబట్టి మొత్తం సంఖ్య 3 × 3 × 3607 × 3803. మీ పాప తప్పేమీ చేయలేదు, వెళ్లిన దారి సరైనదే. కాకపోతే ఆ దారి చాలా పొడవు. 97 ఇరవై అయిదో ప్రధాన సంఖ్య. 3607 ఐదు వందల నాలుగోది. అంటే పాప ఆగిన చోటు నుంచి ఇంకా 479 భాగహారాలు చేస్తే తప్ప తలుపు తెరుచుకోదు. ఎనిమిదో తరగతి పిల్ల సంగతి సరే, నేనే చేయలేదు.

చేయలేదనడం మర్యాదగా చెప్పడం. విశాఖలో డిగ్రీ కాలేజీల్లో ముప్ఫై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే సంఖ్యను బోర్డు మీద రాసి, రెండు మూళ్లు బయటికి తీసి, "మిగిలింది ప్రధాన సంఖ్య" అని ధీమాగా చెప్పేశాను. వెతికి చూసింది 200 దాకానే. అంత పెద్ద సంఖ్య అప్పటిదాకా పోలేదంటే ఇక పోదులే అనుకున్నాను. మరుసటి ఏడాది మా దగ్గరే చదివిన కుర్రాడొకడు స్టాఫ్ రూముకి వచ్చి, చిన్న చీటీ మీద 3607 × 3803 అని రాసి టేబుల్ మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. గుణించి చూసుకున్నాను. ఆ చీటీ చాలా రోజులు నా పర్సులోనే ఉంది.

నియమం చాలా సులువైనదే, నేనే పాటించలేదు. ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అని భాగహారాలతో తేల్చాలంటే దాని వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ చూడాలి. 1,37,17,421కి వర్గమూలం సుమారు 3703.7. అక్కడిదాకా వెళ్లాలి. 97 దగ్గరో 200 దగ్గరో విసుగొచ్చి ఆపేస్తే తేలేది మన ఓపిక మాత్రమే.

సరే, ఓపిక తక్కువున్నవాళ్లకి కొన్ని అడ్డదారులున్నాయి. మొదటిది మన పిన్ కోడ్‌తోనే చెప్తాను. విశాఖ నగరంలో పిన్ కోడ్లు 530తో మొదలవుతాయి కదా. ఆ 530ని పక్కపక్కనే రెండుసార్లు రాయండి, 530530. అది 530 × 1001. మూడంకెల సంఖ్య ఏది తీసుకుని రెండుసార్లు రాసినా 1001తో గుణించినట్టే. ఆ 1001 ఏమో 7 × 11 × 13. కాబట్టి అలాంటి ఆరంకెల సంఖ్య ఏదైనా 7తో, 11తో, 13తో శేషం లేకుండా పోతుంది. పిల్లలతో ఇంద్రజాలంలా ఆడించొచ్చు.

ఇదే 1001ని పరీక్షకు వాడుకోవచ్చు. పెద్ద సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టండి. ఇక్కడ 421, 717, 13 వస్తాయి. వాటిని ఒకటి కలుపుతూ, తర్వాతది తీసేస్తూ వెళ్లండి. 421లోంచి 717 పోతే రుణ 296, దానికి 13 కలిపితే రుణ 283. ఈ 283ని 7, 11, 13లలో ఏదీ భాగించదు, కాబట్టి అసలు సంఖ్యనూ ఆ మూడూ భాగించవు. మూడు భాగహారాలు ఒక్క తీసివేతలో పోయాయి. తీసివేతలు లేకుండా అన్నీ కలుపుకుంటూ పోతే 37కి పరీక్ష అవుతుంది, ఎందుకంటే 999 అనేది 27 × 37. 421 + 717 + 13 = 1151. మళ్లీ 151 + 1 = 152. 37 నాలుగులు 148, నాలుగు మిగిలింది. పోదు.

ఇవన్నీ చిన్న చిన్న పొదుపులు. అసలు కిటుకు వేరే ఉంది.

చీటీ దెబ్బ తిన్న కొన్నాళ్లకి మా సీనియర్ లెక్చరర్ ఒకాయనతో ఆర్కే బీచ్‌లో కూర్చున్నప్పుడు ఈ గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన ముంత మసాలా పొట్లం ఖాళీ చేసి, ఆ కాగితం మోకాలి మీద సాపు చేసి, "కింద నుంచి ఎక్కుతున్నావు. ఒకసారి పై నుంచి దిగి చూడు" అన్నారు. వర్గమూలం 3703 చిల్లర కాబట్టి దానికి పైనున్న పూర్ణసంఖ్య 3704 తీసుకున్నారు. దాని వర్గం 1,37,19,616. అందులోంచి మన సంఖ్య తీసేస్తే 2195. అది వర్గమా? 46 వర్గం 2116, 47 వర్గం 2209. కాదు. తర్వాత 3705. దాని వర్గం 1,37,27,025. తీసివేస్తే 9604. ఆయన పెన్ను ఆగిపోయింది. 9604 అంటే 98 వర్గం.

అంతే. మన సంఖ్య 3705 వర్గం మైనస్ 98 వర్గం. తొమ్మిదో తరగతి సూత్రం గుర్తుంది కదా, a² – b² అంటే (a – b)(a + b). 3705లోంచి 98 తీస్తే 3607, కలిపితే 3803. నేను రెండు వందల దాకా భాగిస్తూ పోయినది ఆయన రెండే మెట్లలో దిగి పట్టుకున్నారు.

ఎందుకు పనిచేస్తుందో పాపకి ఇలా చెప్పండి. బేసి సంఖ్య రెండు కారణాంకాలుగా విడిపోతే ఆ రెండూ బేసి సంఖ్యలే అవుతాయి. రెండు బేసి సంఖ్యల సరాసరి ఎప్పుడూ పూర్ణసంఖ్యే. ఆ సరాసరి నుంచి ఒక కారణాంకం ఎంత కిందికి ఉంటుందో, రెండోది అంతే పైకి ఉంటుంది. 15 అంటే 3 × 5, సరాసరి 4, ఎడం 1, కాబట్టి 16 – 1. ఇందులో మాయేమీ లేదు. రెండు కారణాంకాలూ దాదాపు సమానంగా ఉంటే సరాసరి వర్గమూలానికి ఆనుకునే ఉంటుంది, వెంటనే దొరుకుతుంది. మన సంఖ్యకి ఆ అదృష్టం పట్టింది. అంకెలు వరసగా ఉండటం వల్ల కాదు, లోపలి ఇద్దరూ దగ్గర దగ్గరగా ఉండటం వల్ల.

ఈ పద్ధతి పియెర్ ద ఫెర్మా అనే ఫ్రెంచి గణితవేత్తది. 1643లో ఆయన 2,02,76,51,281 అనే సంఖ్యను ఇలాగే 44021 × 46061గా విడగొట్టి చూపించాడు. ఆయనకి పన్నెండు మెట్లు పట్టాయి.

3607, 3803 మళ్లీ విడిపోవని ఎలా నమ్మాలి అని పాప అడగాలి. అడగకపోతే మీరు అడిగించండి. ఇక్కడ వర్గమూలం నియమం మనకి చుట్టమే. 3607కి 59 దాకా చూస్తే చాలు, 3803కి 61 దాకా. అంటే 17 ప్రధాన సంఖ్యలు ఒకదానికి, 18 ఇంకోదానికి. ఒక సాయంత్రం పని. 3607ని 41తో, 53తో భాగించేటప్పుడు జాగ్రత్త. 41 ఎనభై ఎనిమిదులు 3608, ఒక్కటి తేడాతో తప్పిపోతుంది. 53తో మూడు మిగులుతుంది. తొందరలో "పోయింది" అని రాసేసే చోట్లు ఇవే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. ఇదే సంఖ్యను వెనక నుంచి చదవండి, 98,76,54,321. అద్దంలో బొమ్మ. లోపల కూడా ఇలాగే ఉంటుందనుకుంటాం. ఇది 3 × 3 × 17 × 17 × 3,79,721. రెండు మూళ్లు తీసేస్తే మిగిలేది 10,97,39,369. దీన్ని పాప పద్ధతిలో కింద నుంచి భాగిస్తే ఏడో ప్రధాన సంఖ్య 17కే దొరికిపోతుంది. మా సీనియర్ గారి పద్ధతిలో పై నుంచి దిగితే? వర్గమూలం పైన 10,476తో మొదలుపెట్టాలి. సరాసరి ఉన్నదేమో 1,90,005 దగ్గర, ఎందుకంటే కారణాంకాల్లో ఒకటి 289, రెండోది 3,79,721. అంటే 1,79,530 మెట్లు. మొదటి సంఖ్యలో కింద నుంచి 504 మెట్లయితే పై నుంచి 2, రెండోదాంట్లో కింద నుంచి 7 అయితే పై నుంచి దాదాపు లక్షా ఎనభై వేలు. అంకెలు చూసి ఏ దారిలో వెళ్లాలో చెప్పలేం. అందుకే కొంచెం కింద నుంచి, కొంచెం పై నుంచి, రెండూ ప్రయత్నించాలి.

ఈ రెండు సంఖ్యలకీ బంధుత్వం మాత్రం ఉంది. 12,34,56,789ని 8తో గుణించి 9 కలపండి, సరిగ్గా 98,76,54,321 వస్తుంది. దీన్నిబట్టి భాగహారం చేయకుండానే ఇంకో సంగతి తేలుతుంది. రెండింటినీ భాగించే సంఖ్య ఏదైనా ఆ 9ని కూడా భాగించాలి. కాబట్టి వాటి గ.సా.భా. 9కి మించదు. రెండూ 9తో పోతాయి కనుక గ.సా.భా. 9.

పెద్ద సంఖ్యల కారణాంకాలతో మనకేం పని అని ఎవరైనా అంటే మీ ఫోన్ చూపించండి. ఆర్‌ఎస్ఏ అనే రహస్య లిపి ఇంటర్నెట్‌లో చాలాచోట్ల వాడుకలో ఉంది. దాన్ని 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ తయారుచేశారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం అందరికీ తెలిసినా, వాటిని విడదీయడం కష్టమన్నదే దాని బలం. 250 అంకెల అలాంటి సంఖ్యను ఒకదాన్ని 2020లో విడగొట్టారు, అదీ ఎన్నో కంప్యూటర్లు కలిసి. అయితే ఆ రెండు ప్రధాన సంఖ్యల్నీ పక్కపక్కనే ఎంచుకుంటే ఎంత పెద్దవైనా వృథా, ఫెర్మా పద్ధతికి దొరికిపోతాయి. నిజంగానే 2022లో కొన్ని ప్రింటర్లు తయారుచేసుకున్న తాళాలు ఇలాగే ఊడిపోయాయని బయటపడింది. ముంత మసాలా కాగితం మీద లెక్కే అది, అంకెలు ఎక్కువ, అంతే.

ఇక మీ బంధువు గారి 9 సంగతి. 1 నుంచి 9 దాకా కూడితే 45, అందులో 4 + 5 తొమ్మిది. నిజమే. కానీ ఈ తొమ్మిది అంకెల్ని ఏ వరసలో రాసినా మొత్తం మారదు. అలా రాయగల సంఖ్యలు 3,62,880 ఉన్నాయి, అన్నీ 9తో పోతాయి, అంటే వాటిలో ఒక్కటి కూడా ప్రధాన సంఖ్య కాదు. మూడు లక్షల అరవై వేల పైచిలుకు సంఖ్యలకి ఒకేసారి పట్టే అదృష్టాన్ని అదృష్టం అనొచ్చో లేదో ఆయన్నే అడగండి. పైగా ఇది పది వేళ్లున్న మన చేతులు తెచ్చిన గుణం. మనకి ఎనిమిది వేళ్లే ఉండి ఎనిమిదేసిగా లెక్కపెట్టుకుని ఉంటే ఇదే సంఖ్యను 726746425 అని రాసేవాళ్లం. వరసా లేదు, అందమూ లేదు, కూడితే 43. కానీ 3 × 3 × 3607 × 3803 మాత్రం ఏ లెక్కలో రాసుకున్నా అదే. వాహనానికి ఫ్యాన్సీ నంబరు కోసం డబ్బు పెట్టేవాళ్లని నేనేమీ అనను, వాళ్ల సరదా వాళ్లది. సంఖ్య గుణం అంటే మాత్రం నా దృష్టిలో రాత మార్చినా మారనిది.

అలా మారని గుణాలు ఇంకొన్ని చెప్తాను. దీనికి మొత్తం 12 కారణాంకాలు. అదంతా రాసి చూడకుండానే తెలుస్తుంది. 3ని సున్నా, ఒకటి, రెండు సార్లు తీసుకోవచ్చు, మిగతా రెండింటినీ తీసుకోవచ్చు లేదా వదిలేయొచ్చు, 3 × 2 × 2. తనను మినహాయించి మిగతా కారణాంకాలన్నీ కూడితే 5,49,66,027. సంఖ్యలో సగం కూడా లేదు. పరిపూర్ణ సంఖ్యకి మొత్తం సమానం కావాలి, 6కి 1 + 2 + 3 లాగా. మనది చాలా దూరంలో ఆగిపోయింది.

రెండు వర్గాల మొత్తంగా రాయగలమా? 4తో భాగిస్తే శేషం 1, కాబట్టి పైకి ఆశ పెడుతుంది. కానీ ఫెర్మా చెప్పి, ఆయిలర్ నిరూపించిన నియమం లోపలికి చూడమంటుంది. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన కారణాంకం సరిసంఖ్యసార్లు రావాలి. 3 రెండుసార్లు వచ్చింది, పర్లేదు. 3607 అలాంటిదే, ఒక్కసారే వచ్చింది. 3803 కూడా అంతే. కుదరదు. మూడు వర్గాలతో అయితే కుదురుతుంది.

మన రాతపద్ధతికే చెందిన అందాలూ కొన్ని ఉన్నాయి. గుణాలు కాకపోయినా పిల్లలకి చూపించకుండా ఉండలేను. 11,111 వర్గం 12,34,54,321. మన సంఖ్య దానికంటే సరిగ్గా 2468 ఎక్కువ. 12,34,56,789ని 2తో గుణిస్తే 24,69,13,578, అవే తొమ్మిది అంకెలు చెదిరిపోయి వచ్చాయి. 4, 5, 7, 8లతో గుణించినా అంతే, ఒక్క అంకె పోదు, ఒక్కటి రెండోసారి రాదు. 3తో గుణించండి, 37,03,70,367. పాడైపోయింది. 6తో కూడా పాడవుతుంది. 3తో చుట్టరికం ఉన్న గుణకాలే చెడగొడతాయి. దీని వెనక ఉన్నది 1ని 81తో భాగించడం. పాప చేత కాగితం మీద భాగహారం చేయించండి. 0.012345679 వచ్చి, మళ్లీ అదే మొదలవుతుంది, మధ్యలో 8 మాత్రం మాయం. ఆ 8 ఎక్కడికి పోయిందో పాపే కనుక్కోవాలి. చేతికి అందిన అంకెను చూసుకుంటూ వెళ్తే దొరుకుతుంది.

మన ఊరి సంగతి ఒకటి ఇక్కడ చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 12,34,56,789 వర్గమూలం 11,111 చిల్లర. దాని కారణాంకాల్లో పెద్దది 3803, అంటే వర్గమూలం కంటే పెద్ద ప్రధాన కారణాంకం లేదు. అన్ని సంఖ్యలూ ఇలా ఉండవు. సంఖ్యలు పెద్దవయ్యే కొద్దీ ఇలాంటివి నూటికి 31కి కాస్త తక్కువగా ఉంటాయి. పెద్ద ప్రధాన కారణాంకాలు లేని సంఖ్యలు ఎన్ని ఉంటాయన్న ప్రశ్న మీద 1949లో ముఖ్యమైన పని చేసినవారిలో వి. రామస్వామి ఒకరు. ఆయన వాల్తేరులో, మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే పాఠాలు చెప్పారు. ఈరోజు పెద్ద సంఖ్యల్ని విడగొట్టే వేగమైన పద్ధతులన్నీ అలాంటి సంఖ్యల్ని ఏరుకోవడం మీదే నడుస్తాయి. యూనివర్సిటీ గేటు ముందు నుంచి రోజూ వెళ్లే మనవాళ్లలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు చెప్పండి. నాకే రిటైరయ్యాక తెలిసింది.

పాపకి రెండు లెక్కలు ఇస్తున్నాను. మొదటిది 10,46,429. పై నుంచి దిగమనండి, ఒక్క మెట్టుకే దొరుకుతుంది, ధైర్యం వస్తుంది. రెండోది కొంచెం గట్టిది. 1 నుంచి 9 దాకా అంకెల్ని ఒక్కోటి ఒక్కసారే వాడి తొమ్మిదంకెల సంఖ్య రాయాలి. మొదటి రెండంకెలు 2తో పోవాలి, మొదటి మూడు 3తో, మొదటి నాలుగు 4తో, అలా మొత్తం తొమ్మిదీ 9తో. అలాంటి సంఖ్య ఒక్కటే ఉంది. అయిదో అంకె ఏదో మాత్రం ఆలోచించకుండానే చెప్పొచ్చు. ఫోన్ కాలిక్యులేటర్ వాడొచ్చు, కానీ వెతికే ముందు ఏ స్థానాల్లో సరిసంఖ్యలు రావాలో కాగితం మీద తేల్చుకోమనండి, సగం పని అక్కడే అయిపోతుంది. దొరికాక దాన్నీ ప్రధాన కారణాంకాలుగా విడగొట్టి ఇక్కడే రాయమనండి. ఎక్కడైనా ఆగిపోతే ఎంతవరకు చూసిందో కూడా రాయాలి. నాలాగా 200 దగ్గర ఆపేసి "ప్రధాన సంఖ్య" అనకూడదు.